తేటనీరు చాలదు

చెరువు నీళ్లే తాగునీళ్లయిన రోజుల్లో తెలుగు పల్లెల్లో కుండ లోపలి వైపు చిల్లగింజ అరగదీసేవారు. కొంతసేపటికి బురద అడుగుకు దిగి, పైన నీరు తేరుకునేది. పటికముక్క తిప్పినా జరిగేది అదే. నీటిలో విడివిడిగా తేలే సన్నటి మట్టికణాలు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి కిందికి దిగుతాయి. ఇది మంచి విద్యే, తక్కువ చేయనక్కర్లేదు. కాని ఆ నీటిలో కరిగి ఉన్న ఉప్పు దానివల్ల ఒక్క రవ్వ కూడా తగ్గదు. కరిగినది కంటికి కనబడదు, అడుగుకు దిగదు, గుడ్డలో వడగట్టినా ఆగదు. తేటగా ఉన్నదంతా మంచినీరే అన్న నమ్మకం మాత్రం మనలో గట్టిగా నాటుకుపోయింది. ఇంట్లో గాజుతొట్టి పెట్టి చేపలు పెంచేవారిలో చాలామంది ఆ నమ్మకంతోనే ఫిల్టరు కొంటారు. చెత్తను పట్టడమే ఫిల్టరు పని అనీ, నీరు ఎంత మెరిస్తే అది అంత బాగా పనిచేస్తున్నట్టనీ అనుకుంటారు. ఆ మెరిసే నీటిలోనే నాలుగైదు రోజులకు చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి చచ్చిపోతే ‘నీళ్లు పడలేదు’ అని సరిపెట్టుకుంటారు. ఈ అధ్యాయం వాదించదలచినది ఒక్కటే: చేపల తొట్టిలోని స్పాంజి ఫిల్టరు అసలు పని చెత్త పట్టడం కాదు, సూక్ష్మజీవులకు చోటివ్వడం. ఈ సంగతి ఒప్పుకుంటే, పరుపుల దుకాణంలో దొరికే ఫోమ్ ముక్కతో, అర అంగుళం పీవీసీ గొట్టంతో ఇంట్లో చేసుకున్న ఫిల్టరు దుకాణపు ఫిల్టరుకు తీసిపోదని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. మా ఉత్తరాంధ్ర పరిస్థితుల్లోనైతే అదే మేలని కూడా నా అభిప్రాయం.

ముందు విషం ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో ఒక ఇంట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి ఉందనుకుందాం. అందులో పట్టే నీరు సుమారు 50 లీటర్లు. నిండుగా చేపలున్న ఆ తొట్టిలో రోజుకు ఒక గ్రాము మేత వేస్తారనుకుందాం. మేతలో 35 నుంచి 40 శాతం మాంసకృత్తులు, మాంసకృత్తుల్లో దాదాపు 16 శాతం నత్రజని. చేప తిన్న నత్రజనిలో కొంత ఒంటికి పడుతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకి వచ్చేస్తుంది. చెరువుల్లో చేపలు పెంచేవారు వాడే మోటు లెక్క ప్రకారం కిలో మేతకు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని పుడుతుంది. మన గ్రాము మేతకు 30 మిల్లీగ్రాములు, అంటే 50 లీటర్లలో లీటరుకు రోజుకు 0.6 మిల్లీగ్రాము. చూడటానికి చిన్న అంకె. అయితే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న అమ్మోనియం అంతగా హాని చేయదు. ఆవేశం లేని అమ్మోనియా మొప్పలను కాల్చేస్తుంది. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేవి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), వేడి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 అయితే మొత్తంలో ఒక శాతం కూడా విషరూపంలో ఉండదు. అదే పీహెచ్ 8 అయితే ఏడున్నర శాతం దాకా ఉంటుంది. ఆవేశం లేని అమ్మోనియా లీటరుకు 0.05 మిల్లీగ్రాము దాటకుండా చూసుకోవడం చేపల పెంపకంలో పాత జాగ్రత్త. కొంచెం క్షారగుణమున్న బోరు నీటితో నింపిన మన తొట్టి మొదటి రోజు సాయంత్రానికే ఆ గీతకు దగ్గరపడుతుంది, రెండో రోజుకు దాటేస్తుంది. ఈ రెండు రోజులూ నీరు తేటగానే కనిపిస్తుంది. ఏ జల్లెడా, ఎంత సన్నటి గుడ్డా ఈ అమ్మోనియాను పట్టలేదు.

మరి పాత తొట్లలో చేపలు ఎలా బతుకుతున్నాయి? ఈ ప్రశ్నకు సమాధానం చేపల తొట్ల దగ్గర కాక, మురుగునీటి దగ్గర దొరికింది. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పొడవాటి గాజుగొట్టంలో ఇసుక, కాస్త సున్నపురాయి పొడి నింపి, దాని గుండా మురుగునీటిని మెల్లగా వదిలారు. దాదాపు 20 రోజులపాటు ఏమీ జరగలేదు. లోపలికి పోయిన అమ్మోనియా అలాగే బయటికి వచ్చింది. ఆ తరువాత అమ్మోనియా తగ్గి, నైట్రేటు కనబడసాగింది. చివరికి అమ్మోనియా మొత్తం నైట్రేటుగా మారిపోయింది. ఇది ఇసుక చేసిన రసాయన చర్యే అయితే మొదటి రోజునుంచే జరగాలి కదా. అనుమానం తీర్చుకోవడానికి వారు గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపారు. ఇసుక అదే, సున్నపురాయి అదే, నీరూ అదే, కాని మార్పు ఆగిపోయింది. క్లోరోఫాం తీసేసినా తిరిగి మొదలు కాలేదు. కొద్దిగా మట్టి కలిపిన నీటిని పోశాక మళ్లీ మొదలైంది. మత్తుమందుకు లొంగిపోయి, మట్టితో తిరిగి వచ్చేది ప్రాణమున్నదే అయ్యుండాలి. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాద్‌స్కీ ఆ జీవులను విడదీసి పెంచి, ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా, ఇంకొక రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయని చూపాడు. ఆ పనిలో విడుదలయ్యే శక్తే వాటికి ఆహారం.

ష్లోసింగ్ గొట్టాన్నీ మన ఇంటి తొట్టినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. కొత్త తొట్టిలో చేపలు మొదటి వారాల్లోనే ఎందుకు చస్తాయి? ఆ గొట్టం 20 రోజులు ఎందుకు మౌనంగా ఉందో అందుకే. మన పేగుల్లోని ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అమ్మోనియాను మార్చే జీవులకు ఒక్క రెట్టింపుకే చాలా గంటలు, తరచు ఒక రోజు పడుతుంది. నైట్రైటును మార్చేవి వాటి తరువాతగానీ పెరగవు. అందుకే కొత్త తొట్టి కుదుటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖరీదైన ఫిల్టరు కొన్నంత మాత్రాన ఈ గడువు తగ్గదు, ఎందుకంటే డబ్బాలో వచ్చేది ఖాళీ ఇల్లే, అందులో ఉండేవారు కారు. వాటిని తెచ్చుకోవాలంటే పెరుగు తోడుపెట్టినట్టు చేయాలి: బాగా నడుస్తున్న తొట్టిలోని స్పాంజిని కొత్త తొట్టిలో పిండితే చాలు. జబ్బు లేని తొట్టి నుంచే తేవాలన్న జాగ్రత్త మాత్రం మరవకూడదు.

ఈ జీవుల గురించి తెలిసిన సంగతులు ఇటీవల చాలా మారాయి, ఆ మార్పుల్లో చేపల తొట్ల పాత్ర పెద్దది. మంచినీటి తొట్లలో నైట్రైటును మార్చేది నైట్రోబాక్టర్ అని పుస్తకాలు చాలా కాలం రాస్తూ వచ్చాయి; ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని 1998లో టిమొతీ హోవనెక్ బృందం చూపింది. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఒక ఉప్పునీటి తొట్టి నుంచి అమ్మోనియాను మార్చే ఆర్కియాను మొదటిసారి విడదీశారు. ఆర్కియా అంటే బ్యాక్టీరియా కాని వేరే సూక్ష్మజీవుల శాఖ. 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వారు మామూలు మంచినీటి తొట్ల ఫిల్టర్లను పరిశీలిస్తే చాలావాటిలో సంఖ్యాబలం ఈ ఆర్కియాదే అని తేలింది. 2015లో ఇంకో వింత బయటపడింది. రెండు మెట్లనూ ఒక్కటే దాటగల నైట్రోస్పైరా ఉన్నాయని రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. వాటిలో ఒక బృందానికి ఆ జీవి దొరికింది చేపల పెంపకపు ఫిల్టరులోనే. ఈ చరిత్ర చెప్పడంలో నా ఉద్దేశం ఒకటుంది. సీసాల్లో అమ్మే ‘మంచి బ్యాక్టీరియా’ గురించి ఎంత ధీమాగా చెప్పినా, మన తొట్టిలో స్థిరపడేది ఏదో ఆ తొట్టిలోని అమ్మోనియా మోతాదు, వేడి, ఆక్సిజన్ తేలుస్తాయి. మనం చేయగలిగింది చోటు, గాలి, గడువు ఇవ్వడం.

చోటు ఎంత కావాలి? ఇంటి ఫిల్టరును తక్కువ చూపు చూసేవారు మొదట అడిగేది ఇదే. లెక్క చూద్దాం. మన తొట్టి గాజు లోపలి మొత్తం వైశాల్యం చదరపు మీటరులో ముప్పాతిక కన్నా తక్కువ. అంగుళానికి 20 నుంచి 30 రంధ్రాలున్న ఫోమ్ ఒక లీటరు, అంటే పది సెంటీమీటర్ల ఘనం, తీసుకుంటే దాని లోపలి పోగుల ఉపరితలం సుమారు ఒక చదరపు మీటరుకు పైనే ఉంటుంది. స్థిరపడిన సూక్ష్మజీవుల పొర చదరపు మీటరుకు రోజుకు 100 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజనిని మారుస్తుందని తక్కువలో తక్కువగా వేసుకుందాం. చేపల పెంపకపు ఫిల్టర్లు దీనికి ఎన్నో రెట్లు చేస్తాయి. మనకు పుట్టేది రోజుకు 30 మిల్లీగ్రాములు. అంటే ఫోమ్‌లో మూడో వంతు చాలు, మిగతాది మిగులు. ఉపరితలం పేరు చెప్పి అమ్మే గుళికలు, ఉంగరాలు ఈ తొట్టికి అదనంగా చేసేదేమీ లేదు. ఇల్లు పెద్దదైనంత మాత్రాన జనం పెరగరు. తిండి ఎంతో జనం అంతే.

ఆక్సిజన్ విషయంలో మాత్రం ఇంత వెసులుబాటు లేదు, నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మన 30 మిల్లీగ్రాములకు రోజుకు దాదాపు 137 మిల్లీగ్రాములు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. మనకు మామూలైన 30 డిగ్రీల దగ్గర ఏడున్నర, మే నెల మధ్యాహ్నం నీరు 35 డిగ్రీలకు చేరితే ఏడుకు కూడా కాస్త తక్కువే. 50 లీటర్లలో 30 డిగ్రీల దగ్గర నిండుగా ఉన్నా 375 మిల్లీగ్రాములు. అందులో మూడో వంతుకు పైగా రోజూ ఈ జీవులకే కావాలి, చేపల వాటా వేరు. చలిదేశాల్లో తొట్టిని వేడి చేయడానికి హీటరు పెడతారు. సూక్ష్మజీవులకు నచ్చే 28, 30 డిగ్రీల వేడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరికే దొరుకుతుంది. మనకు కరువైంది ఆక్సిజన్. కాబట్టి మన ఫిల్టరును ఎంచుకోవలసిన కొలమానం అది నీటిని ఎంత సన్నగా వడగడుతుందన్నది కాదు, ఎంత నమ్మకంగా గాలి అందిస్తుందన్నది.

ఈ దృష్టితో చూస్తే స్పాంజి ఫిల్టరు కట్టుబడి ఎంత తెలివైనదో తెలుస్తుంది. అర అంగుళం లేదా ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం ముక్క; దాని అడుగున మూత; కింది భాగంలో నలువైపులా రంధ్రాలు; ఆ రంధ్రాలను కప్పేలా మధ్యలో బెజ్జం చేసి బిగుతుగా తొడిగిన ఫోమ్; గొట్టం లోపలికి, వీలైనంత అడుగుదాకా దించిన సన్నటి గాలిపైపు; పైన నీటిమట్టం దగ్గర ఒక వంపు. సామగ్రి ఇంతే. గాలిమోటారు నడిస్తే గొట్టంలోని నీటిలో బుడగలు కలిసి ఆ నీటి స్తంభం తేలికవుతుంది. బయటి నీరు బరువుగా ఉంటుంది కాబట్టి అది ఫోమ్ గుండా దూరి గొట్టంలోకి వచ్చి, లోపలి నీటిని పైకి నెడుతుంది. నీటిని లాగుతున్నది మోటారు కాదు, తొట్టి నీటి బరువే నెడుతోంది. గాలి ఎంత లోతున విడిస్తే తేలికైన స్తంభం అంత పొడవై, ప్రవాహం అంత బాగుంటుంది. పైచివర నీటిమట్టాన్ని మించి ఎంత ఎత్తుకు లేస్తే అంత నష్టం. బుడగలు తమంతట తాము కలిపే ఆక్సిజన్ తక్కువే. అడుగునీటిని పైకి తెచ్చి, నీటి ఉపరితలాన్ని కదిలించడం వల్లే ఎక్కువ భాగం కరుగుతుంది. చెత్తను పట్టే చోటు, జీవుల చోటు, గాలి కలిపే చోటు అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. నీటిలో తిరిగే రెక్క లేదు, కరెంటు తీగ లేదు. ప్రవాహం మెల్లనిది కాబట్టి గప్పీ పిల్లలను కూడా ఈడ్చుకుపోదు.

ఫోమ్ ఎంపికలో కొంత శ్రద్ధ కావాలి. శ్రీకాకుళం బజారులో పరుపులు, సోఫాలు కుట్టే దుకాణాల్లో తునకలు సులువుగా దొరుకుతాయి. రంధ్రాలు ఒకదానిలోంచి ఒకదానిలోకి తెరుచుకుని ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ముక్కను నోటికి ఆనించి ఊదాలి. గాలి తేలిగ్గా అవతలికి పోవాలి. ప్యాకింగుకు వాడే మూసుకున్న గదుల ఫోమ్‌లో గాలి పోదు, నీరూ పోదు. స్కేలు పక్కన పెట్టి అంగుళానికి రంధ్రాలు లెక్కించడం ఇంకా మంచిది. 20, 30 మధ్య ఉంటే సరిగ్గా సరిపోతుంది. పరుపు ఫోమ్ సాధారణంగా అంతకన్నా సన్నటిది, పైగా గదుల మధ్య పలచటి పొరలు కొన్ని మిగిలే ఉంటాయి, కాబట్టి త్వరగా పూడుకుంటుంది. దానికి విరుగుడు ముక్కను పెద్దది చేయడం: బయటి ముఖం విస్తరిస్తే ఒక్కో చోట నీటి ఒత్తిడి తగ్గి, పూడుకోవడం ఆలస్యమవుతుంది. కొత్త ఫోమ్ గాలి నిండి తేలిపోతుంది. నీటి లోపలే పదేపదే నొక్కి గాలి తీయాలి. అప్పటికీ తేలితే అడుగున బరువు కట్టాలి. దానికి టెక్కలి వైపు కోసే నీలి గ్రానైటు తునక కన్నా మంచిది లేదు, అది నీటిలో కరగదు. పాలరాయి, గవ్వలు, సున్నపురాయి కరిగి పీహెచ్‌ను పెంచుతాయి, పెరిగిన పీహెచ్ అమ్మోనియాను ఎటు తిప్పుతుందో పైన చూశాం.

పరుపుల ఫోమ్‌లో రసాయనాలుంటాయి కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. ఫోమ్ పాలీయురేథేన్, పూర్తిగా గట్టిపడిన పాలీయురేథేన్ నీటికి దాదాపు జడపదార్థమే, దుకాణపు ఫిల్టరు స్పాంజిలు కూడా ఎక్కువగా అదే. అపాయం దానికి కలిపిన వాటిలో ఉంది: మంట అంటుకోకుండా కలిపే మందులు, ముదురు రంగులు, సూక్ష్మజీవులు పెరగకుండా వేసే పూతలు. ఈ చివరిది మన పనికి నేరుగా శత్రువు. ఏ జీవులను పెంచాలని చూస్తున్నామో వాటినే చంపడానికి తయారైన స్పాంజిని తొట్టిలో పెట్టడం ష్లోసింగ్ గొట్టంలోకి క్లోరోఫాం వదలడమే. అంట్లు తోమే స్పాంజిల్లో కొన్నిటికి అలాంటి పూత ఉంటుంది కాబట్టి వాటిని పక్కన పెట్టాలి. రంగులేని, వాసన లేని ముక్క తీసుకుని, నీరు మారుస్తూ నాలుగైదు రోజులు నానబెట్టి, రంగు గాని నురగ గాని వాసన గాని వస్తే పారేయాలి. పూర్తి భరోసా కావాలనుకునేవారు అక్వేరియం కోసమే చేసిన ఫోమ్ పలక కొని, మిగతాది ఇంట్లో కట్టుకోవచ్చు. అందువల్ల నా వాదనకు నష్టమేమీ లేదు. ఇంటి పనితనమంటే చౌక అని మాత్రమే నా అర్థం కాదు, ఏ భాగం ఎందుకుందో తెలిసి కట్టడం.

ఇంకో అభ్యంతరం మన ఊరినుంచే పుడుతుంది. అరసవల్లి సూర్యదేవాలయం ముందున్న ఇంద్ర పుష్కరిణికి గాని, పల్లెల్లోని చెరువులకు, గెడ్డలకు గాని ఎవరు ఫిల్టరు పెట్టారు? అక్కడ చేపలు బతకడం లేదా? బతుకుతాయి. అక్కడా ఫిల్టరు ఉంది, మనకు కనబడదు, అంతే. అడుగు మట్టి, మెట్ల రాళ్లకు పట్టిన పాచి, నీటిమొక్కల కాడలు, అన్నిటి మీదా ఇవే జీవులు పొరలుగా ఉంటాయి. విశాలమైన నీటి ముఖం మీదుగా గాలి ఆడుతుంది. పగటి ఎండకు పచ్చటి నాచు ఆక్సిజన్ ఇస్తూ, అమ్మోనియాను తానే నేరుగా తినేస్తుంది. ఏటా మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే క్షేత్రంలో ఎండ విలువ చెప్పనక్కర్లేదు. చెరువులో చేప ఊపిరి చాలావరకు ఆ ఎండ ఇచ్చినదే. వీటన్నిటికీ మించి, చెరువులో ఒక్కో చేప వాటాకు వచ్చే నీరు ఎంతో ఎక్కువ. గాజుతొట్టిలో మనం చేపలను దగ్గరగా కుక్కి, మట్టి తీసేసి, ఎండ తప్పించి, మేత మాత్రం పెంచాం. మనం తీసేసిన వాటిలో అత్యవసరమైనదాన్ని చిన్న ముక్కలో తిరిగి పెట్టడమే స్పాంజి చేసే పని. కాబట్టి చెరువు ఉదాహరణ ఈ వాదనను బలపరుస్తుందే తప్ప ఖండించదు. తొట్టిలో మొక్కలు దట్టంగా పెంచి, చేపలు కొద్దిగా ఉంచేవారికి ఫిల్టరు అవసరం నిజంగానే తగ్గుతుంది. అలాంటి తొట్లు చాలా అరుదు.

మూడో అభ్యంతరం డబ్బున్న అభిరుచిగలవారిది: తొట్టి బయట మూసిన డబ్బాలో నడిచే క్యానిస్టర్ ఫిల్టరు దీనికన్నా శక్తిమంతం కదా? కరెంటు ఉన్నంతసేపు అవును. పెద్ద తొట్టికి, చెత్త ఎక్కువ చేసే పెద్ద చేపలకు అది తగినదే. కాని ఉత్తరాంధ్ర తీరంలో ‘కరెంటు ఉన్నంతసేపు’ అన్న మాటను తేలిగ్గా తీసుకోలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చింది. స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు మూసిన డబ్బాలో నీరు కదలదు. లోపలి జీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌ను గంటల్లో వాడేసుకుని, ఆ తరువాత చావడం మొదలుపెడతాయి, పేరుకున్న మలినం కుళ్లుతుంది. కరెంటు వచ్చి పంపు తిరిగిన మరుక్షణం ఆ కుళ్లునీరంతా తొట్టిలోకి వస్తుంది. తుఫాను తట్టుకున్న చేపలు కరెంటు వచ్చాక చస్తాయి. స్పాంజి మూసుకుని లేదు, తొట్టి నీటిలోనే ఉంది. ప్రవాహం ఆగినా చుట్టూ ఉన్న నీటితో దాని సంబంధం తెగదు, పైపొరల్లోని జీవులకు కొంతైనా ఆక్సిజన్ అందుతుంది. దాన్ని పైకి లాగి నీటిమట్టం దగ్గర వేలాడదీస్తే ఇంకా మంచిది. ఆ రోజుల్లో మేత పూర్తిగా ఆపేయాలి. ఆరోగ్యంగా ఉన్న చేప కొన్ని రోజులు తిండి లేకుండా ఉండగలదు, మేత పడకపోతే అమ్మోనియా కూడా బాగా తగ్గిపోతుంది. చిన్న గాలిమోటారుకు కావలసింది రెండు మూడు వాట్లే కాబట్టి సెల్‌ఫోన్ పవర్‌బ్యాంకుతో నడిచే రకం ఒకటి ఇంట్లో ఉంచుకోవచ్చు. మామూలు రోజుల్లో కూడా మోటారును నీటిమట్టం కన్నా ఎత్తున పెట్టాలి, లేదా పైపులో నీరు వెనక్కి రాకుండా వాల్వు వేయాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టి నీరు పైపులోంచి మోటారులోకి, అక్కడినుంచి నేల మీదికి జారుతుంది.

ఇంటి ఫిల్టరు పనిచేయడం లేదనే వారిలో ఎక్కువమంది దాన్ని కడగడం దగ్గర పాడుచేస్తున్నారు. స్పాంజి నల్లబడితే మనసుకు నచ్చదు, సబ్బు పెట్టి, కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా ఉతుకుతారు. సబ్బు సంగతి చెప్పనవసరం లేదు. కుళాయి నీటిలో, భారతీయ ప్రమాణాల ప్రకారం, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. సూక్ష్మజీవులను చంపడానికే దాన్ని కలుపుతారు. ఒక్కసారి కడిగితే అన్నీ చస్తాయనడం అతిశయోక్తి. అవి స్రవించే జిగురుపొర వాటిని కొంత కాపాడుతుంది. కాని ప్రతి వారం అలా ఉతికితే జనాభా మాటిమాటికీ పడిపోతుంది, రెట్టింపుకు ఒక రోజు తీసుకునే జీవులు కోలుకోవడానికి రోజులు పడుతుంది. అసలు కడగకుండా వదిలేయడమూ తప్పే. జిగురుపొరలోకి ఆక్సిజన్ మిల్లీమీటరులో చిన్న భాగం వరకే చొచ్చుకుపోతుంది. పొర మందమైన కొద్దీ లోపలిది పనికిరాని బరువు. పైగా పేరుకున్న మలినాన్ని తినే వేరే బ్యాక్టీరియా వేగంగా పెరిగి, మన నెమ్మది జీవుల ఆక్సిజన్‌ను ముందే లాగేసుకుంటాయి. కాబట్టి రెండు మూడు వారాలకోసారి, బుడగలతో పాటు వచ్చే నీరు తగ్గిందనిపించినప్పుడు, తొట్టిలోంచి తీసిన నీటిలోనే స్పాంజిని నాలుగైదుసార్లు పిండితే చాలు. రంగు మారకపోయినా ఫరవాలేదు, నీరు తేలిగ్గా దూరితే అది శుభ్రంగా ఉన్నట్టే. ఒకే తొట్టిలో రెండు స్పాంజిలు ఉంచి ఒక్కోసారి ఒక్కదాన్నే పిండడం అన్నిటికన్నా క్షేమం.

ఇంత చెప్పాక, స్పాంజి ఉంటే నీరు మార్చక్కర్లేదని ఎవరైనా అనుకుంటే ఆ లెక్క కూడా చూడాలి. అమ్మోనియా మాయమవదు, నైట్రేటు అవుతుంది. మన తొట్టిలో రోజుకు లీటరుకు 0.6 మిల్లీగ్రాము నత్రజని అంటే దాదాపు 2.7 మిల్లీగ్రాముల నైట్రేటు, నెలకు 80. నైట్రేటు అమ్మోనియా అంత విషం కాదు కాని, పేరుకోవడం మంచిది కాదు. ఇంకొకటి, దీన్ని చాలామంది గమనించరు: ప్రతి గ్రాము అమ్మోనియా నత్రజనితో పాటు నీటిలోని క్షారత ఏడు గ్రాములకు పైగా ఖర్చవుతుంది. నెలలు నీరు మార్చని తొట్టిలో క్షారత అయిపోయి పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు ఆ జీవుల పనే ఆగిపోతుంది. వారానికి నాలుగో వంతు మారిస్తే ఈ మేతకు నైట్రేటు 75 దగ్గర నిలబడుతుంది, సగం మారిస్తే అందులో సగానికి దిగుతుంది. మేత తగ్గించడం రెంటికన్నా సులువు. మార్చే కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రాత్రి గాలికి ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తీసిన నీటిని కాలువలో పోయనక్కర్లేదు. అందులోని నైట్రేటు మొక్కలకు కావలసిన ఎరువే, స్పాంజి పిండిన నల్లటి నీరు మరీ మంచిది. పెరట్లో కరివేపాకు మొదట్లో పోయవచ్చు.